టైమింగ్ చైన్ టెన్షనర్ ఒక్కటే మారిస్తే చాలా? బోరు విప్పే ముందు ఇది చూడండి

పొద్దున్నే బైక్ ఇంజన్ స్టార్ట్ చేయగానే ఎడమవైపు నుంచి గలగలమని చప్పుడు, కాస్త వేడెక్కాక తగ్గిపోతోంది, మెకానిక్ ఏమో బోరు (సిలిండర్) విప్పి టైమింగ్ చైన్, అంటే ఇంజన్ లోపల వాల్వుల్ని వేళకి తెరిపించే గొలుసు, కిట్టు మొత్తం వేయాలంటున్నాడు, ఆ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ ఒక్కటే మారిస్తే సరిపోదా అని కదా మీ ప్రశ్న. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కానీ ఆ సంగతి బోరు విప్పక ముందే తేలిపోతుంది, అది తేల్చకుండా బోరు మీద చెయ్యి వేయనివ్వకండి.

నాదీ 150 సీసీ సింగిల్ సిలిండర్ బండే, యాభై వేల కిలోమీటర్లు దాటాక సరిగ్గా ఇదే చప్పుడు మొదలైంది. విజయవాడలో ఉంటాను కాబట్టి సామాన్లకి ఆటోనగర్ ఉంది, పని మాత్రం ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను.

ముందు ఆ చప్పుడు చైన్‌దేనా అన్నది చూసుకోండి. ట్యాపెట్ల (వాల్వుల్ని నొక్కే మీటల) చప్పుడైతే టిక్ టిక్ టిక్‌మని ఒక లెక్క ప్రకారం వస్తుంది, రేజ్ చేస్తే ఆ లెక్కే వేగం పెరుగుతుంది, ఇంజన్ వేడెక్కినా సాధారణంగా పోదు. చైన్ చప్పుడుకి లెక్క ఉండదు, రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టుంటుంది, మరీ ముఖ్యంగా రేజ్ చేసి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు బాగా తెలుస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన టెన్షనర్ బాడీకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి, తర్వాత ట్యాపెట్ కవర్ మీద పెట్టి వినండి, తేడా మీకే అర్థమవుతుంది. సైలెన్సర్ బెండు తగలకుండా చూసుకోండి, కాలితే మామూలుగా కాలదు. ఇంకో మాట, ఇవన్నీ చేసే ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఆయిల్ తగ్గిన ఇంజన్ ఏ చప్పుడైనా చేస్తుంది, మార్చాల్సిన గడువు దాటిన ఆయిల్ ఉంటే అది మార్చి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోసి, ఒక రోజు తిప్పి అప్పుడు వినండి. ట్యాపెట్ల సందు కూడా చల్లటి ఇంజన్ మీద ఫీలర్ గేజ్‌తో, అంటే సన్నటి కొలత రేకులతో, ఒకసారి చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. టెన్షనర్ ఉండేది బోరు వెనక, కార్బ్యురేటర్ కింద, రెండు బోల్టుల మీద. వెనకే ఎందుకంటే ఇంజన్ ముందుకు తిరిగేటప్పుడు క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చైన్‌ని ముందువైపు లాగుతుంది, వదులంతా వెనక్కి చేరుతుంది. చైన్‌కి ముందువైపు ఆనే గైడ్ ప్యాడ్ కదలదు, వెనక ఆనే ప్యాడ్‌ని టెన్షనర్ ప్లంజర్ (ముందుకు పొడుచుకొచ్చే కడ్డీ) లోపలికి నొక్కుతూ ఉంటుంది. మన దగ్గర తిరిగే 125, 150 సీసీ బండ్లలో చాలావాటికి టెన్షనర్ లోపల గడియారం స్ప్రింగు లాంటి చుట్ట స్ప్రింగు, ఒక మర ఉంటాయి. చైన్ అరిగి సాగేకొద్దీ స్ప్రింగు ఆ మరని తిప్పి ప్లంజర్‌ని కొంచెం కొంచెం బయటికి తోస్తుంది. ఆ మర ఎలా కోసి ఉంటుందంటే చైన్ ఎంత నెట్టినా ప్లంజర్ వెనక్కి రాదు, వేలితో బలంగా నొక్కినా రాదు. అది వెనక్కి వెళ్లాలంటే వెనక ఉండే చిన్న బోల్టో రబ్బరు బిరడానో తీసి, సన్నటి చపటా స్క్రూడ్రైవర్ పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి.

మీకు కావలసిన జవాబు ఆ స్క్రూడ్రైవర్ దగ్గరే ఉంది. పిస్టన్‌ని కింద చెప్పినట్టు పైకి తెచ్చుకుని, టెన్షనర్ బండి మీద ఉండగానే, రెండు బోల్టులూ ముట్టుకోకుండా, వెనక బిరడా మాత్రం తీసి స్క్రూ మెల్లగా తిప్పుతూ పూర్తిగా ఆగిపోయేదాకా ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. తర్వాత కొత్త టెన్షనర్ చేతిలో పట్టుకుని, ప్లంజర్ పూర్తిగా బయటికి వదిలేసి, మళ్లీ పూర్తిగా లోపలికి ఎన్ని చుట్లకి వెళ్తుందో చూడండి. ఉదాహరణకి చేతిలో ఆరు చుట్లు పట్టేది బండి మీద రెండు చుట్లకే ఆగిపోయిందంటే ప్లంజర్ ఇంకా పెద్దగా బయటికి రాలేదు, అంటే చైన్ పెద్దగా సాగలేదనుకోవచ్చు, అయినా చప్పుడు వస్తోందంటే టెన్షనరే తన పని చేయడం లేదు. స్ప్రింగు నీరసించి ఉంటుంది, లేదా మరలో జిగురు పట్టి ప్లంజర్ బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు ముందు టెన్షనర్ ఒక్కటే మార్చి చూడండి. అదే చేతిలో ఆరు, బండి మీద ఐదు పట్టిందంటే చైన్ సాగిపోయింది, లేదా ప్యాడ్ అరిగిపోయింది. అక్కడ కొత్త టెన్షనర్ వేస్తే కొన్నాళ్లు చప్పుడు ఆగినా మళ్లీ వస్తుంది, మీ మెకానిక్ చెప్పింది నిజమే అనుకోవాలి. స్క్రూడ్రైవర్ పట్టు సడలిస్తే స్క్రూ దానంతటదే మెత్తగా వెనక్కి తిరగాలి. మధ్యలో ఆగి ఆగి తిరిగినా, అసలు తిరగకపోయినా ఆ టెన్షనర్ పని అయిపోయినట్టే.

నాకు మొదటిసారి తక్కువ చుట్లే వచ్చాయి, టెన్షనర్ మాత్రం మార్చాను, చప్పుడు పూర్తిగా పోయింది. చాలాకాలం తర్వాత మళ్లీ మొదలైనప్పుడు చూస్తే చుట్లు బాగా పెరిగాయి, ఈసారి చైన్, ప్యాడ్లు అన్నీ కలిపి వేయించాను. విప్పి చూస్తే వెనక ప్యాడ్ మీద చైన్ లింకులు రెండు గాళ్లు దున్నేశాయి, అంచున చిన్న ముక్క కూడా ఊడిపోయింది. ఆ ముక్క చివరికి ఆయిల్ స్ట్రెయినర్ జల్లెడలో దొరికింది. అందుకే కిట్టు వేయిస్తే స్ట్రెయినర్ కూడా తీసి కడగమని చెప్పండి, చాలామంది ఆ పని వదిలేస్తారు.

చుట్లు లెక్కపెట్టేటప్పుడు గానీ, టెన్షనర్ మార్చేటప్పుడు గానీ ఒకటి మాత్రం మర్చిపోకండి. పిస్టన్ కంప్రెషన్ మీద, అంటే రెండు వాల్వులూ మూసుకుని ఉండగా, పైకొచ్చి ఉండాలి. ప్లగ్గు తీసేయండి, మ్యాగ్నెట్ (క్రాంకు చివర ఉండే అయస్కాంత చక్రం) కవర్ మీద ఉండే రెండు బిరడాలు తీసి, మధ్యలో ఉన్న నట్టుకి సాకెట్ పెట్టి ఇంజన్ తిరిగే వైపే తిప్పుతూ పై రంధ్రంలో కనిపించే టీ అక్షరం గుర్తు గాటుకి ఎదురుగా వచ్చేలా ఆపండి. సాకెట్ లేకపోతే టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం ముందుకు తిప్పినా సరే. రెండు ట్యాపెట్లూ వేలికి కొంచెం వదులుగా ఆడితే అది కంప్రెషన్. బిగుతుగా ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి, ఎందుకంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక చుట్టే తిరుగుతుంది. ఇదంతా ఎందుకంటే, ఏదైనా వాల్వు తెరిచి ఉన్నప్పుడు దాని స్ప్రింగు క్యామ్‌ని నెడుతూ ఉంటుంది. ఆ సమయంలో చైన్ వదులు చేస్తే క్యామ్ టక్కున తిరిగి, చైన్ దాని పళ్ల చక్రం మీద ఒక పన్ను దాటేస్తుంది. ఒక్క పన్ను దాటినా స్టార్టింగ్ ట్రబుల్, లాగుడు తగ్గడం, ఎక్కువ దాటితే వాల్వు పిస్టన్‌కి తగలడం. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ కిక్కు, సెల్ఫు, చక్రం ఏదీ కదపకూడదు. పక్కన చిన్నపిల్లలుంటే సెల్ఫ్ బటన్ నొక్కకుండా తాళం తీసి జేబులో వేసుకోండి.

తీయడం సులువే. స్క్రూ పూర్తిగా తిప్పి పట్టుకుని బోల్టులు తీయండి, పాత ప్యాకింగ్ (గ్యాస్కెట్) గోకేయండి, ఆ గోకుడు తుక్కు లోపల పడకుండా గుడ్డ పెట్టండి. కొత్త టెన్షనర్ ప్లంజర్ లోపలికి తిప్పి, రేకు ముక్కతో లాక్ చేసి, కొత్త ప్యాకింగ్‌తో రెండు బోల్టులూ సమంగా బిగించండి. అవి ఆరు మిల్లీమీటర్ల బోల్టులు, 10 న్యూటన్ మీటర్లకి అటూఇటుగా చాలు, కండ చూపిస్తే అల్యూమినియం మర ఊడిపోతుంది. తర్వాత లాక్ తీస్తే లోపల టక్‌మని వినిపించాలి, ప్లంజర్ వెళ్లి ప్యాడ్‌ని తాకిన శబ్దం అది. వినపడకపోతే స్టార్ట్ చేయకండి, మళ్లీ విప్పి చూడండి. వినపడితే ఇంజన్‌ని చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పి టీ గుర్తు, ట్యాపెట్లు మళ్లీ సరిచూసి, అప్పుడు ప్లగ్గు వేయండి.

రోడ్డు పక్కన కొందరు చేసే పని ఒకటుంది, ఆ రెండు బోల్టులూ సగం వదులు చేసి, టెన్షనర్ కాస్త కదిపి, మళ్లీ బిగించేస్తారు. చప్పుడు ఆగిపోతుంది, మీరూ సంతోషిస్తారు. కానీ బోల్టులు వదులైన క్షణంలోనే ప్లంజర్ ముందుకు వచ్చేసి ఉంటుంది, అది వెనక్కి వెళ్లదు కదా, బోల్టులు బిగించేకొద్దీ చైన్‌ని విల్లులా వంచేస్తుంది. కొన్నాళ్లకి ఇంజన్ నుంచి ఈలలాంటి మోత వస్తుంది, ప్యాడ్ త్వరగా అరిగిపోతుంది, ఒక్కోసారి టెన్షనర్ చెవి (బోల్టు పట్టే కొస) బిగించేటప్పుడే పగులుతుంది. స్ప్రింగు సాగదీయడం, వెనక వాషరు పెట్టడం కూడా ఇలాంటి పనులే. నేనైతే అలా చేసే షాపు ముందు బండి ఆపను.

మీది 100 సీసీ స్ప్లెండర్ రకం పడుకున్న ఇంజన్ అయితే పై లెక్క వర్తించదు. దాంట్లో మర టెన్షనర్ లేదు, ఇంజన్ కింద ఎడమవైపు ఒక పెద్ద బోల్టు తీస్తే స్ప్రింగు, రబ్బరు తల ఉన్న కడ్డీ బయటికొస్తాయి. ఆ రబ్బరు తల అరిగినా, స్ప్రింగు పొట్టిదైనా ఆ రెండూ మార్చడం చాలా తక్కువ ఖర్చు. బోల్టు తీస్తే ఆయిల్ కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి. ఇక యమహా ఆర్‌ఎక్స్ 100 వాళ్లకి టూ స్ట్రోక్ కాబట్టి టైమింగ్ చైనే ఉండదు, అసలు ఈ గొడవే లేదు.

సామాను మాత్రం కంపెనీదే కొనండి. నకిలీ టెన్షనర్లు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, షాపులోనే స్క్రూ పూర్తిగా తిప్పి వదిలి చూడండి, ప్లంజర్ ఒక్క ఊపున బయటికి రావాలి, వేలితో నొక్కితే లోపలికి పోకూడదు. పోయిందంటే కౌంటర్ మీద పెట్టేసి వచ్చేయండి. చుట్లు ఎక్కువొచ్చి కిట్టే వేయించాల్సి వస్తే చైన్, రెండు ప్యాడ్లు, టెన్షనర్ అన్నీ ఒకేసారి వేయించండి, పళ్లు కొక్కేల్లా అరిగి ఉంటే క్యామ్ పళ్ల చక్రం కూడా. మ్యాగ్నెట్ తీయడానికి పుల్లర్ ఉందా అని ముందే అడగండి, సుత్తితో కొట్టి తీస్తానంటే వేరే షాపు చూసుకోండి.