సింగపూర్‌లో ఎనిమిది మందిమి, పది సూట్‌కేసులు: క్రూజ్ టెర్మినల్‌కి ఎలా వెళ్లాలి?

ఆరు సీట్ల బండిలో సీట్లన్నీ నిండితే వెనక సామానుకు చోటు ఉండదు. అందుకే ఎనిమిది మందికి, పది సూట్‌కేసులకి ఆ బండి సరిపోదు.

1. 13 సీట్ల మాక్సీక్యాబ్ (పెద్ద వ్యాన్ ట్యాక్సీ) ముందురోజే మాట్లాడుకోండి. మనుషులతో పాటు పెట్టెలెన్నో కూడా చెప్పండి.

2. చాలామంది చూడనిది ఇదే: టికెట్‌ మీద టెర్మినల్ పేరు. సింగపూర్‌లో రెండున్నాయి. ఒకటి మెరీనా బే క్రూజ్ సెంటర్, ఇంకోటి హార్బర్‌ఫ్రంట్ దగ్గరి సింగపూర్ క్రూజ్ సెంటర్. ఊరికే "క్రూజ్ సెంటర్" అంటే డ్రైవర్ మీది కాని టెర్మినల్‌కి తీసుకెళ్లొచ్చు. పెద్దవాళ్లతో, ఇన్ని పెట్టెలతో మళ్లీ బండి వెతుక్కోవడం చాలా కష్టమండీ. పూర్తి పేరు మెసేజ్‌లో పంపి, ఎక్కేముందు ఇంకోసారి చెప్పండి.

3. క్రూజ్ వాళ్లిచ్చిన ట్యాగులు హోటల్లోనే పెట్టెలకు కట్టేయండి. పెద్ద పెట్టెలు టెర్మినల్లోనే తీసుకుని ఓడలో మీ గదికి పంపుతారు. పాస్‌పోర్టులు, మందులు మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోండి.