తేనెటీగ కుట్టాక కథ ఎటు పోయింది?

ప్రశ్న: మేడమ్, మాది చీపురుపల్లి. మా అప్పని ఆమదాలవలస ఇచ్చాం, తను పుస్తకాల పురుగు. నేను నెట్‌ఫ్లిక్స్‌లో బ్రిడ్జర్టన్ రెండో సీజన్ రెండు రాత్రుల్లో చూసేసి బాగుందే అని ఫోన్ చేస్తే, పుస్తకం చదివినోళ్లకి అది చూస్తే ఒళ్లు మండుతాది అని గంటసేపు క్లాసు పీకింది. హీరోయిన్‌ని ఇండియా అమ్మాయిని చేసేశారనా కోపం అంటే అదీ కాదట. మరి ఏటి తేడా? ఇప్పుడు పుస్తకం చదవడం వేస్టా?

జవాబు: వేస్ట్ కాదు, చదువు. జూలియా క్విన్ 2000లో రాసిన 'ది వైకౌంట్ హూ లవ్డ్ మీ' అది. అందులో హీరోయిన్ కేట్ ఇంటిపేరు షెఫీల్డ్, అచ్చం ఇంగ్లీషు పిల్ల. 2022లో సిరీస్ వాళ్లు కేట్ శర్మ చేశారు. ఆ మార్పు నాకు నచ్చింది గానీ ఆ ఇంట్లో భాషే అర్థం కాలేదు, చెల్లెలు ఈమెని దీదీ అంటాది, ఈమె చెల్లెల్ని బెంగాలీలో బోన్ అంటాది, చనిపోయిన నాన్నని తమిళంలోలా అప్పా అంటాది, మనవైపు అప్ప అంటే అక్క కదా, ఈమె పైన ఇంకో అక్క ఉండి పోయిందేమో అనుకుని ఒక ఎపిసోడంతా అలాగే చూశాను. పెళ్లికి ముందు పసుపు రాసే సీన్‌కి మాత్రం కళ్లు చెమర్చాయి, అబద్ధం ఎందుకు.

మీ అప్ప కోపం తేనెటీగ దగ్గర అయ్యుంటాది. పుస్తకంలో ఈగ కేట్‌ని కుడితే, హీరో ఆంథొనీ తండ్రి అలాగే 38 ఏళ్లకి పోయాడు కాబట్టి అతను పిచ్చెత్తినట్టు అయిపోయి, విషం లాగేస్తానని ఆమె గుండెలమీద నోరు పెడతాడు, సరిగ్గా అప్పుడే పెద్దాళ్లు వచ్చి చూసేస్తారు. ఇంకేటుంది, పెళ్లి చేసేయాల్సిందే. అంటే పుస్తకంలో మంచి భాగం పెళ్లయ్యాకే నడుస్తాది, ఇష్టంలేకుండా ముడిపడిన ఇద్దరూ ఒకే ఇంట్లో మెల్లగా ఒకళ్లకొకళ్లు అలవాటు పడతారు. మన అమ్మమ్మల కాపురాలు తెలిసినోళ్లకి ఇది కొత్త కాదు. సిరీస్‌లో ఈగ కుడుతుంది గానీ ఎవరి కంటా పడరు, దాంతో అతను కేట్ చెల్లెలు ఎడ్వీనాతో పీటల దాకా వెళ్లి, ఆరో ఎపిసోడ్‌లో ఆ పెళ్లి ఆగిపోతుంది. పుస్తకంలో ఎడ్వీనాకి అతనితో నిశ్చితార్థమే లేదు, పాపం ఆ పిల్లకి అంత ఏడుపు అక్కర్లేదు. పీటలమీద పెళ్లి ఆగడం మన డైలీ సీరియల్ వాళ్లకి ఎప్పుడో తెలిసిన విద్య కదా.

ఇంకోటి, నేనూ తండ్రిలాగే 38 దాటను, అందుకే ప్రేమించకూడదు అని ఆంథొనీ లోపల కుమిలిపోవడం పుస్తకంలో పేజీలకు పేజీలుంటాది. కేట్‌కి ఉరుములంటే భయం, చిన్నప్పుడు తల్లి అలాంటి రాత్రే పోయింది. తుఫాను రాత్రి ఆమె లైబ్రరీలో టేబుల్ కింద దాక్కుంటే అతను కూడా వెళ్లి కింద కూర్చుంటాడు చూడు, నాకైతే మొత్తం సిరీస్ ఒకెత్తు ఆ టేబుల్ ఒకెత్తు. మనసులో మాట కెమెరాకి అందదు మరి, అందుకే వాళ్లు చూపులతో లాగించారు. చూపులు మాత్రం బాగానే కుదిరాయి, నీకు నచ్చిందంటే తప్పులేదు.

మార్చడమే పాపం అని అప్ప అంటే గురజాడవారి సంగతి అడుగు. విజయనగరంలో 1892లో ఆడిన కన్యాశుల్కాన్ని 1897లో అచ్చేయించి, 1909లో ఆయనే తిరగరాసి ఇంత పెద్దది చేశారు. 1955 సినిమాలో సావిత్రి మధురవాణి గొప్పా నాటకంలో మధురవాణి గొప్పా అని మా ఇంట్లో ఇప్పటికీ కొట్టుకుంటాం.

ఒక్కటే చిక్కు. కథలో గాసిప్ పత్రిక రాసే ఆవిడ ఎవరో ఈ వరస పుస్తకాల్లో నాలుగోదానిదాకా బయటపడదు, సిరీస్ వాళ్లు మొదటి సీజన్ చివర్లోనే చెప్పేశారు, ఆ సరదా నీకు పోయినట్టే, ఏం చేస్తాం.