రగ్బీతో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: హెచ్-1బీ మీద న్యూజెర్సీ వచ్చి మూడేళ్ళయింది. మా అమ్మాయి పదకొండో తరగతి. స్కూల్లో రగ్బీ ఆడుతోంది, కాలేజీ స్థాయికి పనికొస్తుందని కోచ్ అంటున్నారు. స్కాలర్‌షిప్ వస్తుందా? ఆట నమ్ముకుంటే భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చుకోండి, మిగతావి తర్వాత. ఇక్కడ రగ్బీ జీతం ఒక్కదాని మీద ఇల్లు గడపడం చాలా కష్టం. పేరు తెచ్చుకున్న ఆటగాళ్ళ జీవితాలు చూడండి, ఆట కాక ఇంకోటి చేతిలో లేనివాళ్ళు అరుదు.

రగ్బీ యూనియన్ (పదిహేను మంది ఆడే రగ్బీ) వృత్తి ఆట అయిందే 1995లో. ఆ తర్వాత కూడా అమెరికా మగవాళ్ళలో డబ్బు చూసినవాళ్ళు ఎక్కువగా యూరప్ వెళ్ళారు. డాన్ లైల్ వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఇంగ్లండ్‌లో బాత్ క్లబ్‌కి వెళ్ళి 1998లో యూరప్ క్లబ్బుల హైనెకెన్ కప్ గెలిచాడు. శామూ మనోవా ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌కీ, అక్కణ్ణుంచి ఫ్రాన్స్‌లో తులోన్‌కీ వెళ్ళాడు. క్రిస్ వైల్స్ పదేళ్ళు ఇంగ్లండ్ క్లబ్ సారసెన్స్‌కి ఆడి, ఇంకా ఆడుతున్నప్పుడే జట్టులో మిత్రుడితో కలిసి బీరు కంపెనీ పెట్టుకున్నాడు. స్వదేశంలో లీగులు నిలబడకపోవడమే దీనికి ముఖ్య కారణం. 2016లో ఐదు జట్లతో మొదలైన ప్రో రగ్బీ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2018లో మొదలైన మేజర్ లీగ్ రగ్బీలో న్యూయార్క్, టొరంటో జట్లు 2023తో మూతపడ్డాయి. జాతీయ సంస్థ యూఎస్ఏ రగ్బీయే 2020 మార్చిలో దివాలా రక్షణ కోరింది. జీతమిచ్చే చెయ్యి ఇంత బలహీనంగా ఉన్నప్పుడు పిల్ల ఎంత బాగా ఆడినా మన లెక్క మారదు.

మీది ఆడపిల్ల కనుక, నిజానికి కాలేజీ దాకా దారి మగపిల్లల కన్నా మెరుగు. ఇలోనా మాహెర్ పేరు మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. వెర్మాంట్ అమ్మాయి, పదిహేడేళ్ళ వయసులో రగ్బీ మొదలుపెట్టింది. క్విన్నిపియాక్ యూనివర్సిటీ జట్టుతో మూడుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది, అక్కడే నర్సింగ్ డిగ్రీ తీసుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. ఆ పతకానికి ముందే సోషల్ మీడియా వీడియోలతో ఆమె పేరు చాలామందికి తెలుసు. ఆ గెలుపు తర్వాత మిషెల్ కాంగ్ అనే వ్యాపారవేత్త నాలుగేళ్ళకు 40 లక్షల డాలర్లు ప్రకటించింది గానీ, అది మహిళా సెవెన్స్ కార్యక్రమం మొత్తానికి. ఫేడ్రా నైట్ విస్కాన్సిన్‌లో లా చదువుతూ రగ్బీ పట్టుకుంది, మూడు ప్రపంచ కప్‌లు ఆడింది, 2017లో వరల్డ్ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. లా పట్టా మాత్రం వదల్లేదు. అలెవ్ కెల్టర్ అదే యూనివర్సిటీలో ఐస్ హాకీ, సాకర్ ఆడి ఆ తర్వాత ఇటు వచ్చింది. మహిళల కోసం విమెన్స్ ఎలీట్ రగ్బీ 2025లో ఆరు జట్లతో మొదలైంది. అదీ పూర్తి జీతాల లీగ్ కాదు. కాబట్టి డిగ్రీ ముందు ఎంచుకోండి, అది ఉన్న చోట రగ్బీ వెతకండి.

ఇక స్కాలర్‌షిప్. కోచ్ నుంచి మెయిలొస్తే సీటూ డబ్బూ వచ్చేసినట్టే అనుకోవడం మేమంతా కొత్తలో చేసిన పొరపాటు, మీరూ చేస్తారు. అలాంటి మెయిల్ ఒక్కోసారి ఫీజు కట్టి వెళ్ళే క్యాంపుకి పిలుపు మాత్రమే. మహిళల రగ్బీ ఎన్‌సీఏఏలో (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) 2002 నుంచీ 'ఎదుగుతున్న ఆట' జాబితాలో ఉంది, అంటే ఇంకా పూర్తి హోదా రాలేదు. మగవాళ్ళ రగ్బీకి ఆ చోటు కూడా లేదు. డివిజన్ వన్ (ఎన్‌సీఏఏ పై స్థాయి) కాలేజీలు ఆటకు డబ్బివ్వగలవు గానీ ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచుతాయి. హార్వర్డ్, డార్ట్‌మత్ వంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆట పేరుతో పైసా ఇవ్వరు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. హార్వర్డ్, డార్ట్‌మత్‌లలో ఈ సాయానికి పౌరసత్వంతో పని లేదు. ఫెడరల్ సాయం మాత్రం హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకు అందదు.

కాగితం మీద లెక్క వేయండి. ఏడాదికి 75,000 డాలర్లయ్యే కాలేజీ 20,000 ఇచ్చిందనుకోండి, మీ జేబులోంచి 55,000, నాలుగేళ్ళకు 2,20,000. గది, భోజనం కోసం ఇచ్చే భాగం మీద పన్ను కూడా ఉంటుంది. దాని పక్కనే మీ రాష్ట్ర యూనివర్సిటీ ఫీజు, అక్కడి క్లబ్ జట్టుకి కట్టే కొన్ని వందల డాలర్లు రాసి చూడండి. కోచ్‌ని నేరుగా అడగండి: ఏడాదికి ఎన్ని డాలర్లు, ఏటా మళ్ళీ నిర్ణయిస్తారా, మోకాలు పోతే ఆ డబ్బు ఉంటుందా, మ్యాచ్ దగ్గర అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా? జవాబు మెయిల్‌లో రప్పించుకోండి. నోటిమాటకు విలువ లేదు. అమ్మాయి కాలేజీ కోచ్‌లకు పంపే వీడియో మూడు నాలుగు నిమిషాలు మించకూడదు. పరుగులే కాదు, ట్యాక్లింగ్, రక్‌లో (కింద పడ్డ బంతి కోసం ఇరుజట్లూ తోసుకునే చోట) పని కూడా కనపడాలి. పూర్తి మ్యాచ్ లింకు ఒకటి కింద పెట్టమనండి, కోచ్‌లు అది అడుగుతారు.

ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ళు ఇంకా పెద్ద దెబ్బ తింటారు. కాలేజీ క్రీడా విభాగం ఇచ్చేది సాధారణంగా రెండో పాలసీ. మీ కుటుంబ ప్లాన్ కట్టాకే అది కదులుతుంది. మీది హెచ్ఎంఓ (స్థానిక నెట్‌వర్క్ డాక్టర్లకే పరిమితమయ్యే ప్లాన్) అయితే, వేరే రాష్ట్రంలో చదివే పిల్లకు అత్యవసర వైద్యం తప్ప మిగతాది కవర్ కాకపోవచ్చు. మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఒక్క రోజు పని, ఫిజియోథెరపీ నెలల తరబడి సాగుతుంది, ప్రతి సిటింగ్‌కీ బిల్లు వస్తుంది. నవంబరు ఎన్‌రోల్‌మెంట్‌లో కాస్త ప్రీమియం ఎక్కువైనా దేశమంతా నెట్‌వర్క్ ఉన్న పీపీఓ (డాక్టర్ల ఎంపికలో వెసులుబాటు ఎక్కువుండే ప్లాన్) తీసుకోండి. ఒక మనిషికి ఏడాదిలో మీరు పెట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో చూసి, అంత డబ్బు విడిగా పక్కన పెట్టండి. తలకు దెబ్బ తగిలితే సాధారణ స్థాయి ఆటగాళ్ళు 21 రోజుల లోపు మళ్ళీ మ్యాచ్ ఆడకూడదని వరల్డ్ రగ్బీ మార్గదర్శకం. అమ్మాయి బతిమాలినా ఒప్పుకోకండి.

వీసా గురించి క్లుప్తంగా: 21 నిండాక హెచ్-4 ఉండదు, ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి. ఎఫ్-1 మీద క్లబ్బుల నుంచి అనుమతి లేకుండా డబ్బు తీసుకోకూడదు, ప్రకటనల సంపాదన కూడా ప్రమాదమే. వివరాలు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైటులో, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో దొరుకుతాయి. దేశం తరఫున ఆడటం వేరే లెక్క. డబ్లిన్‌లో పుట్టిన ఏజే మెగింటీ జార్జియాలోని లైఫ్ యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చి, మూడేళ్ళ నివాసంతో అర్హత సంపాదించి 2015 ప్రపంచ కప్‌లో అమెరికాకు ఆడాడు. ఇప్పుడు ఆ గడువు ఐదేళ్ళు. ఒలింపిక్స్‌కి మాత్రం అమెరికా పౌరసత్వమే కావాలి. మన గ్రీన్ కార్డు క్యూ చూస్తే 2028 లాస్ ఏంజెలెస్ మీ అమ్మాయికి అందదు. 2033 మహిళల ప్రపంచ కప్ అమెరికాలోనే జరుగుతుంది, అప్పటికి తనకు పాతికేళ్ళు దాటవు.