ముప్ఫై ఎనిమిదో పేజీలో తాత

అమ్మాయ్,

దివిసీమ ఉప్పెన మీద నువ్వు రాసి పంపిన నలభై పేజీలూ చదివాను. మొదటి పదకొండు పేజీల్లో వాయుగుండం ఎలా పుడుతుందో పాఠం చెప్పావు. అవి తీసెయ్. ముప్ఫై ఎనిమిదో పేజీలో, 1977 నవంబరు 19 రాత్రి పంచెతో తాడిచెట్టుకి కట్టేసుకుని బతికిన సొర్లగొంది తాత వచ్చాడు. లేచి కూర్చున్నాను. ఆ కిందే 'వేసవి సెలవుల్లో మళ్లీ కలవాలి' అని రాసుకున్నావు. ఒళ్లు మండింది.

దివిసీమ ఉప్పెన నాటికి పాతికేళ్లున్నవాడికి ఇప్పుడు డెబ్భై దాటాయి. సెలవులు ప్రతి ఏడూ వస్తాయి.

నేను బ్యాంకులో గుమస్తాగా ఉంటూ కాలువ పడవల మీద పుస్తకం రాశాను. తొమ్మిదేళ్లు పట్టింది. బకింగ్‌హామ్ కాలువలో సరుకు పడవ నడిపిన ఒక సరంగు నాతో మూడు గంటలు మాట్లాడాడు. పడవ లాగేటప్పుడు పాడే పాట ఈసారి వస్తే పాడతానన్నాడు. మార్చి కదా, క్లోజింగ్ టెన్షన్. ఏప్రిల్లో వెళ్తే వాకిట్లో షామియానా, విస్తళ్లు. పెద్దకర్మ. "మీ కోసం చూశారండీ" అంటూ కోడలు భోజనం పెట్టింది. తిన్నాను. పాట పుస్తకంలో లేదు.

అప్పట్నుంచి ఎవరి మాటలు విన్నా తిరుగు బస్సులోనే రాసేసేవాణ్ణి. ఫోన్‌లో రికార్డయింది కదా అనుకోకు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఎటు చూశాడో అందులో ఉండదు. ఇక తెల్లవారుజామున నాలుగున్నరకి వంటింట్లో, బియ్యం డబ్బా మీద అట్ట పెట్టుకుని, పాలబ్బాయి వచ్చేదాకా ఒక్క పేజీ. వాక్యం సగంలో ఉన్నా లేచిపోయేవాణ్ణి. మర్నాడు ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

ఆ పడవల మీద పదిహేను పేజీలు పంపితే ఒక ఆదివారం అనుబంధం ఎడిటరుగారు పేజీన్నరకి కోసి, మిగిలిన చోట హీరోయిన్ ఫొటో వేశారు. 2027 నవంబరుకి ఉప్పెనకి యాభై ఏళ్లు. అప్పుడు చూడు, అలాంటి వాళ్లందరికీ నీ తాతే కావాలి.

ఉద్యోగం మానాలా అని అడిగావు, ఇంకా ఏవేవో అడిగావు. తర్వాత చూద్దాం. ఈ శనివారం అవనిగడ్డ బస్సెక్కు. తెల్లారి చెట్టు దిగాక తాత మొదట ఎటు నడిచాడో నువ్వు అడగలేదు. ఆ పంచె ఏమైందో కూడా. అడిగి, ఆ రాత్రికే రాసి, ఆ ఒక్క పేజీ పంపు.