తెర తాడు దగ్గర నిలబెట్టిన పిల్లవాడు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది నెల్లూరు పక్క పల్లె. పదమూడేళ్ళుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారు అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పన్నెండేళ్ళ మా అమ్మాయి మూడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. చేర్పించింది మావారే. ఆడపిల్లకి డాన్సు వస్తే ఒద్దిక వస్తుందన్నారు. అక్కని దింపడానికి నాతోపాటు వచ్చే మా తొమ్మిదేళ్ళ బాబు కిటికీ దగ్గర కూర్చుని చూసి చూసి అడుగులన్నీ పట్టేశాడు. మొన్న వంటింట్లో స్టీలు పళ్ళెం అంచుల మీద కాళ్ళు పెట్టి, కూచిపూడిలో పళ్ళెం మీద చేసే తరంగం ఆడుతుంటే ఆయన కంట పడ్డాడు. "ఆడంగి వేషాలేస్తున్నావా?" అని అరిచారు. అత్తయ్యదీ అదే మాట. అప్పటినుంచి వాడు నాన్న బండి చప్పుడు వినపడగానే పళ్ళెం తీసి గిన్నెల వెనక దాస్తున్నాడు. వాడిచేత మాన్పించనా? ఆయనకి నచ్చజెప్పాలంటే ఏమని చెప్పను?
— ఒక తల్లి, పెరంబూరు

జవాబు: మాన్పించవద్దు తల్లీ. ఈ మాట ముందు చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

మీవారు ఆడంగి వేషమన్న ఆ నాట్యం ఎన్నో తరాలు మగవాళ్ళదే. కృష్ణా జిల్లా కూచిపూడిలో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి ఇళ్ళ మగపిల్లలు మేళాలు కట్టి ఊరూరా తిరిగి ఆడేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో పుట్టిన ప్రతివాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆనవాయితీ చెబుతారు. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో తెర వెనక నిలబడి, పొడుగాటి జడని తెర మీదుగా ఇవతలికి వేస్తుంది సత్యభామ. వేదాంతం సత్యనారాయణశర్మగారి పేరు చెబితే ఇవాళ్టికీ ముందు గుర్తొచ్చేది ఆ వేషమే. 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు.

మరి ఆడవాళ్ళు ఎందుకు ఆడలేదంటావా? సంసారి ఇంటి ఆడది గజ్జె కట్టకూడదన్నది అప్పటి కట్టుబాటు. గుళ్ళల్లో, కొలువుల్లో ఆడిన కళావంతుల కులపు ఆడవాళ్ళ విద్య కావాలి, వాళ్ళకి మర్యాద మాత్రం ఇవ్వరు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. మంచిదే. కానీ వాళ్ళ విద్య, వాళ్ళ బతుకుతెరువు ఏమైపోయాయో అడిగినవాళ్ళు తక్కువ. తర్వాత మెల్లగా మధ్యతరగతి ఆడపిల్లలు గజ్జె కట్టారు. వెంపటి చినసత్యంగారు 1963లో ఈ చెన్నైలోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిల్ని తీర్చిదిద్దారు. మీ అత్తగారికి డెబ్బై దాటి ఉంటే చూడు, ఆవిడ పుట్టిన రోజుల్లో ఇంటి ఆడపిల్ల ఆడితే తప్పు, మనవడి కాలానికి మగపిల్లవాడు ఆడితే తప్పు. అడుగులు అవే, తాళం అదే.

మీ అమ్మాయిని ఒద్దిక కోసం చేర్పించారన్నావు. సత్యభామకి ఒద్దిక ఎక్కడుందమ్మా? అలక, మదం, కృష్ణుణ్ణి నిలబెట్టి అడిగే ఠీవి! ఆ వేషం కట్టే రోజొస్తే అవన్నీ నీ కూతురి ఒంట్లోకి రావాలి. రానివ్వండి.

ఇక నా సంగతి. ముప్పై ఏళ్ళు చెన్నైలో ఒక స్కూల్లో తెలుగు చెప్పాను. ఒక ఏడు వార్షికోత్సవానికి ఆరో తరగతి పిల్లవాడొకడు డాన్సులో చేరాడు. అందరికంటే బాగా చేశాడు. రిహార్సల్ చూసిన పెద్దవాళ్ళు ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుకి నేను జంకాను. "నువ్వు తెర లాగుదువుగాని నాన్నా" అని వాణ్ణి తాడు దగ్గర నిలబెట్టాను. పాట జరిగినంతసేపూ వాడి చేతులు తాడు పట్టుకునే ఉన్నాయి, కుడికాలి బొటనవేలు మాత్రం నేల మీద తాళం వేస్తూనే ఉంది. పక్కన నిలబడి చూశాను. మరుసటి ఏడు నేనే పిలిస్తే "నాకు డాన్సు రాదు టీచర్" అన్నాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. అందుకే నీ ఉత్తరం చదివి ఆ రాత్రి నిద్రపోలేకపోయాను.

మీవారితో పిల్లల ముందు వాదించకు. పద్మశ్రీల లెక్క చెప్పి ఓడించాలనీ చూడకు. ఒక్క సంగతి అడుగు. ఆడంగి అని ఆయన కొడుకుని తిట్టినప్పుడు పక్కగదిలో కూతురు ఉందా? ఆడదానిలా ఉండటమే తిట్టయితే, ఆ పిల్ల తన గురించి ఏమనుకోవాలి? ఆయనకి కూతురంటే ప్రేమ ఉంది. క్లాసులో చేర్పించింది ఆయనే కదా. ఈ ప్రశ్న ఆయనకి తగులుతుంది.

ఒక ఆదివారం ఆయన్నే క్లాసుకి తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టు. మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు ఉండే అరమండిలో నిలబడితే తొడలు ఎలా వణుకుతాయో చూస్తారు. అయితే "చూడండి, దీనికి ఎంత బలం కావాలో, ఇదీ మగపనే" అని మాత్రం అనకు. పాత కొలబద్దనే మళ్ళీ ఆయన చేతికిచ్చినట్టవుతుంది. వాడికి ఇష్టం, వాడికి వస్తోంది. అంతవరకే చెప్పు. ఆయన మెత్తబడటానికి నెలలు పట్టొచ్చు. ఈలోపు వాడు కిటికీ దగ్గర కాకుండా లోపల కూర్చోవచ్చేమో గురువుగారిని అడుగు.

ఆ స్టీలు పళ్ళెం మాత్రం తీసెయ్యి. అంచు పదునుగా ఉంటుంది, పాదం తెగుతుంది. పళ్ళెం మీద ఆడటం అడుగులు బాగా కుదిరాక, గురువుగారు చెప్పినప్పుడు, తరంగానికి వాడే ఇత్తడి పళ్ళెం మీద. అందుకే తీశానని వాడికి విడమరిచి చెప్పు. లేకపోతే నాన్న తిట్టారని తీశావనుకుంటాడు.