వార్డెన్ ఎదుట ఏ పిల్లవాడూ నిజం చెప్పడు

ప్రశ్న: మా బంధువుల పిల్లవాడు ఒక ప్రైవేటు పిల్లల హోంలో ఉండి చదువుకుంటున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చి, తిరిగి వెళ్లనని ఏడుస్తున్నాడు. అక్కడ కొడుతున్నారేమోనని అనుమానం. అడిగితే ఏమీ చెప్పడు. బయటివాళ్లం ఏమి చేయగలం?

ముందుగా ఆ పిల్లవాడిని తిరిగి పంపకండి. మిగతావన్నీ తరువాత చూసుకోవచ్చు. ఏమీ చెప్పడం లేదని మీరు రాశారు గానీ, తిరిగి వెళ్లనని ఏడవడమే అతడు చెప్పగలిగిన మాట.

నేను 1994 నుంచి రెండేళ్లపాటు అలాంటి హోంలోనే ఉన్నాను. కావలికి, ఒంగోలుకు మధ్య పెద్ద రోడ్డు పక్కన ఉండేది. నాన్న చనిపోయాక అమ్మ టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ పనికి పోతూ, నాకు మూడు పూటలా అన్నం, చదువు దొరుకుతాయన్న ఆశతో అక్కడ చేర్చింది. నెలకొక ఆదివారం కారేజీలో చేపల పులుసు తెచ్చేది. వరండాలో కూర్చుని తినాలి, ఎదురుగా కుర్చీ వేసుకుని వార్డెన్ కూర్చునేవాడు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా నేను బాగున్నాననే చెప్పాను.

ఒక ఆదివారం నేను ఎడమ చేత్తో అన్నం తిన్నాను. ముందురోజు రాత్రి సర్వి బరికెతో కొట్టిన దెబ్బలకు కుడిచేతి మణికట్టు వాచి, వేళ్లు ముడవడానికి రాలేదు. బావి దగ్గర జారిపడ్డాడని వార్డెన్ తానే ముందుగా చెప్పాడు. అమ్మ ఆ మాటకు తల ఊపి, బడ్డీకొట్టులో బొరుగుల ఉండలు కొనిచ్చి తీసుకొస్తానయ్యా అని లేచింది. రోడ్డు దాటి నిద్రగన్నేరు చెట్టు కిందికి వెళ్లాక కూడా కొట్టారా అని ఆమె అడగలేదు. "ఏ చేత్తో నీళ్లు పోసుకుంటున్నావురా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకు ఏడుపు ఆగలేదు. గోడకుర్చీ వేయించడం, పక్క తడిపిన పిల్లలను ఆ తడి చాపతోనే ఎండలో నిలబెట్టడం, తొడపాశాలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె వెనక్కు వెళ్లలేదు. ఒంగోలు బస్సు ఆపి నన్ను ఎక్కించింది. నా ట్రంకు పెట్టె, సగం పులుసు మిగిలిన కారేజీ వరండాలోనే ఉండిపోయాయి. ఆ పులుసులో సగం, ఎవరూ చూడటానికి రాని నా పక్క చాప పిల్లవాడికి ఇస్తానని నేను మాట ఇచ్చాను. అతడికి అది దక్కిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

ఊళ్లో పెద్దమనిషి దగ్గరికి వెళ్లి చెబితే, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని ఆయన అమ్మనే మందలించాడు. ఊరకనే అన్నం పెట్టేవారిని ప్రశ్నించకూడదన్న ఈ భావనే ఇలాంటి సంస్థలకు పెద్ద అండ. పేదవాళ్ల పిల్లలకు దెబ్బలు తిననవసరం లేని అన్నం పెట్టడం దానం కాదు, బాధ్యత. "కళ్లు రెండూ మాకు వదిలి తోలు ఒలిచేయండి సార్" అంటూ హాస్టల్లో చేర్చే తండ్రులను, ఉపాధ్యాయుడిగా ఈ జిల్లాలో నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ మాట పిల్లవాడు వింటున్నాడన్న స్పృహ వారికి ఉండదు. అక్కడ ఏమి జరిగినా ఇంట్లో చెప్పి లాభం లేదని అతడు ఆ క్షణమే నిర్ణయించుకుంటాడు. పుట్టినరోజు కేకు తెచ్చి, చేతులు కట్టుకుని వరుసగా కూర్చున్న పిల్లలతో ఫోటో దిగి వెళ్లే దాతల మీద కూడా నాకు కోపమే. చేతులు ఎందుకు కట్టుకున్నారని ఒక్కరూ అడగరు.

మా హోంకు తనిఖీ వచ్చే రోజు బీరువాలోంచి గళ్ల దుప్పట్లు తీసి పరిచేవారు. వాటికి కలరా ఉండల వాసన వచ్చేది. అధికారి వార్డెన్ పక్కనే నిలబడి అంతా బాగుందా అని అడిగేవారు, మేము ఒక్క గొంతుతో బాగుంది సార్ అనేవాళ్లం, సాయంత్రానికి దుప్పట్లు మళ్లీ బీరువాలోకి వెళ్లేవి.

ఇప్పుడు చట్టం బలంగానే ఉంది. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం అనాథలను, ఆదరణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా, ప్రభుత్వ సాయం పొందినా పొందకపోయినా, రిజిస్టర్ కావాలి. మూడు నెలలకు ఒకసారైనా కనీసం ముగ్గురు సభ్యుల బృందం తనిఖీ చేయాలి, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారే క్రూరంగా ప్రవర్తిస్తే అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అదే చట్టం, క్రమశిక్షణ పేరుతో కొట్టిన హోం సిబ్బందికి మొదటిసారి 10,000 రూపాయల జరిమానాతో సరిపెట్టడం నాకు మింగుడుపడదు. లైంగిక వేధింపు అయితే, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద, తెలిసినవారు ఫిర్యాదు చేయకపోవడమే నేరం.

ఇన్ని ఉన్నా పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడకపోతే ఏ తనిఖీకీ విలువ లేదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల వసతి గృహానికి అధికారులు వచ్చి పోతూనే ఉన్నారు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం ఆ పిల్లలతో మాట్లాడి నివేదిక ఇచ్చాకే, 2018లో అక్కడి అత్యాచారాలు బయటపడ్డాయి. 2020లో ఢిల్లీ కోర్టు ప్రధాన నిందితుడికి జీవిత ఖైదు వేసింది. తనిఖీకి వచ్చినవారు మొదట వార్డెన్‌ను గేటు బయటికి పంపాలని, ఆ తరువాతే పిల్లలను పలకరించాలని నేను కనిపించిన ప్రతి అధికారికీ చెబుతున్నాను. మన జిల్లాల్లో ఆ అలవాటు చాలా తక్కువ.

మీరు ఆ పిల్లవాడిని ఇంట్లో అందరి మధ్య కూర్చోబెట్టి నిలదీయకండి. అతడికి ఇష్టమైన ఒక్క మనిషి చెరువుగట్టుకో బడ్డీకొట్టు దగ్గరికో వెంట తీసుకెళ్లి, ఎక్కడ పడుకుంటావు, రాత్రి భయమేస్తే ఎవరిని లేపుతావు అని అడగాలి. ఒంటిపై గుర్తులుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే గాయాల కేసుగా, నమోదు చేయించండి. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందుకు పిల్లవాడిని బంధువులే కాదు, ఏ పౌరుడైనా తీసుకెళ్లవచ్చు, పిల్లవాడు తనంతట తానూ వెళ్లవచ్చు. అర్జీని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. సెలవులకు పోవడానికి ఇల్లు లేక ఆ హోంలోనే ఉండిపోయిన పిల్లలెవరో మీవాడిని అడిగి, వారి పేర్లు కూడా అదే అర్జీలో రాయండి.