ప్రతిభా, కష్టమా అని తేల్చే ముందు ఆటగాణ్ణి ఎక్కడ ఆడిస్తున్నారో చూడాలి

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఫుట్‌బాల్‌లో ప్రతిభ గొప్పదా, కష్టపడే గుణం గొప్పదా అన్నది ఒకటి. కోట్లు పోసి కొన్న ఆటగాడు కొత్త జట్టులో తేలిపోతే తప్పు అతనిదా, కోచ్‌దా, కొన్న క్లబ్‌దా అన్నది రెండోది. పదిహేనేళ్లుగా ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ ఆటను వదలకుండా చూస్తున్నాను. సికింద్రాబాద్‌లో ఆదివారం ఉదయాల్లో టర్ఫ్ మీద ఏడుగురి జట్టులో ఆడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న. మనకు బద్ధకస్తులుగా కనిపించే ఆటగాళ్లలో చాలామంది నిజానికి తమది కాని చోట ఆడుతుంటారు.

2018 జనవరి మొదటి వారంలో లివర్‌పూల్ తన ఆటగాడు ఫిలిప్ కౌటిన్హోను స్పెయిన్ క్లబ్ బార్సిలోనాకు అమ్మింది. షరతుల మీద తర్వాత రావలసిన మొత్తంతో కలిపితే ఆ ఒప్పందం విలువ 14 కోట్ల పౌండ్లు దాటుతుందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. మా అక్క భర్త బార్సిలోనా అభిమాని. ఆ రోజు ఆయన ఫోన్ చేసి, "ఏం బామ్మర్దీ, మీవాడు మావాడైపోయాడు" అన్నారు. నాకు నిజంగానే దుఃఖం కలిగింది. పెనాల్టీ బాక్స్‌కు ఎడమ వైపు బంతి అందుకుని, రెండడుగులు లోపలికి వచ్చి, కుడికాలితో దూరపు మూలలోకి వంచి కొట్టే ఆ దెబ్బను ఇక లివర్‌పూల్ జెర్సీలో చూడలేమన్న బాధ అది. సీజన్ మధ్యలో అంతటి ప్రతిభావంతుణ్ణి అమ్ముకునే క్లబ్‌కు గెలవాలన్న కోరికే లేదని ఆ వారమంతా మిత్రులతో వాదించాను.

నా వాదన తప్పని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. జనవరి 14న, కౌటిన్హో వెళ్లిపోయాక ఆడిన మొదటి లీగ్ మ్యాచ్‌లోనే, ఆ సీజన్ లీగ్‌లో అప్పటివరకు ఓటమి ఎరగని మాంచెస్టర్ సిటీని లివర్‌పూల్ 4-3తో ఓడించింది. అదే నెలలో 7.5 కోట్ల పౌండ్లతో డిఫెండర్ వాన్ డైక్, వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చారు. అప్పటి కోచ్ క్లాప్ శిక్షణలో ఆ జట్టు ఆట అంతా ప్రెసింగ్ మీద నడిచేది. బంతి చేజారిన మరుక్షణం ముగ్గురు నలుగురు కలిసి ప్రత్యర్థిని చుట్టుముట్టి తిరిగి లాక్కునేవారు. అభిమానులు దీన్ని చెమటకు దక్కిన విజయమని పొగుడుతారు కానీ ఆ మాట సగమే నిజం. ఒక్కడు అర సెకను ఆలస్యంగా కదిలినా ఆ వలకు చిల్లు పడుతుంది, మిగతావారి పరుగంతా వృథా అవుతుంది. ఎప్పుడు పరుగెత్తాలో, ఎటువైపు నుంచి వెళ్లి ప్రత్యర్థి పాస్‌కు దారి మూయాలో తెలియడం కూడా ప్రతిభే. గోల్ కొట్టిన కాలు కనిపించినంత స్పష్టంగా అది టీవీలో కనిపించదు, అంతే.

మరి కౌటిన్హో సంగతి? అతను ఉన్నట్టుండి ఆట మరిచిపోయాడని నేను అనుకోను. లివర్‌పూల్‌లో అతనికి ఎడమ వైపు నుంచి మధ్యలోకి స్వేచ్ఛగా తిరిగే వీలుండేది. బార్సిలోనాలో ఆ మధ్య స్థలమంతా మెస్సిది. మిడ్‌ఫీల్డర్ ఇనియెస్తా వెళ్లిపోయాక ఆ లోటును ఇతనితో పూడ్చాలని కొన్నాళ్లు మిడ్‌ఫీల్డ్‌లో, అది కుదరక ఎడమ వింగ్‌లో మైదానం అంచు గీతకు దగ్గరగా ఆడించారు. ఇనియెస్తా ఆట నడకను నియంత్రించేవాడు, కౌటిన్హో ఆఖరి దెబ్బ కొట్టేవాడు. ఇద్దరూ పొట్టివారే, ఇద్దరి కాలికీ బంతి అతుక్కుపోయినట్టే ఉంటుంది, అయినా వాళ్ల పనులు వేరు. అంత ధర పెట్టేటప్పుడు ఆ తేడా చూడవలసింది క్లబ్బే కనుక, మీ రెండో ప్రశ్నకు నా జవాబు, తప్పులో పెద్ద వాటా కొన్నవారిదే అని.

2019 మే 7న లివర్‌పూల్, బార్సిలోనాల మధ్య ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ మన గడియారం ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. మొదటి మ్యాచ్‌లో బార్సిలోనా 3-0తో గెలిచిన ధీమాతో బావ మా ఇంటికే వచ్చారు. నాన్నగారు పక్క గదిలో నిద్రపోతున్నందున టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తున్నాం. లివర్‌పూల్ ఫార్వర్డ్‌లు సలా, ఫిర్మినో ఇద్దరూ గాయాలతో ఆడలేదు. రాబర్ట్‌సన్ గాయపడటంతో మిల్నర్ లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్, స్థానానికి వెళ్లాడు. విరామం తర్వాత రాబర్ట్‌సన్ బదులు దిగిన వైనాల్డమ్ రెండు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టాడు. కౌటిన్హోను 60వ నిమిషంలో బయటికి పిలిచారు. రాత్రి రెండు దాటాక, 79వ నిమిషంలో, కార్నర్ రావడంతో బావ ఏదో అడిగితే జవాబు చెప్పడానికి అటు తిరిగాను. మళ్లీ తెర వైపు చూసేసరికి బంతి వలలో ఉంది. జరిగిందేమిటో రీప్లేలోనే తెలిసింది. ఇరవై ఏళ్ల అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ జెండా దగ్గర బంతి పెట్టి, వేరేవాళ్లకు వదిలేసినట్టు రెండడుగులు పక్కకు నడిచాడు. బార్సిలోనా డిఫెండర్లు ఇంకా సర్దుకుంటుండటం గమనించి చటుక్కున వెనక్కి తిరిగి, నేలకు ఆనించినట్టు బంతిని లోపలికి కొట్టాడు. ఆ క్షణంలో బంతిని చూస్తున్న లివర్‌పూల్ ఫార్వర్డ్ ఒరిగి దాన్ని వల పైభాగంలోకి పంపాడు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కిస్తారు కనుక, ఆ 4-0తో లివర్‌పూల్ ఫైనల్ చేరింది, జూన్ 1న మాడ్రిడ్‌లో టోటెన్‌హామ్‌ను ఓడించి కప్పు కూడా గెలిచింది. ఆ కార్నర్‌ను కష్టం ఖాతాలో వేయాలా, ప్రతిభ ఖాతాలో వేయాలా? ఎన్నిసార్లు చూసినా దాన్ని రెండుగా విడదీయడం నాకు చేతకాలేదు.

మా టర్ఫ్ జట్టులో కూడా నేను ఇదే పొరపాటు చేశాను. పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒకడు మాతో ఆడేవాడు. బంతి మీద మంచి పట్టు ఉంది కానీ వెనక్కి పరుగెత్తడు. ఎడమ అంచున ఆడించి, ప్రతిసారీ వెనక్కి రమ్మని అరిచేవాణ్ణి, రాకపోతే బయట కూర్చోబెట్టేవాణ్ణి. ఒకసారి నాకు చీలమండ బెణికి మూడు ఆదివారాలు గోల్‌పోస్ట్ వెనక కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. అక్కడి నుంచి చూస్తే అతని కాళ్లకన్నా మెడ నా దృష్టిని ఆకర్షించింది. బంతి తన దగ్గరికి వచ్చేలోపు రెండుసార్లో మూడుసార్లో భుజం మీదుగా వెనక్కి చూసుకునేవాడు. మాలో మరెవరికీ, నాకు కూడా, ఆ అలవాటు లేదు. అదే సమయంలో, మేమంతా కష్టజీవి అని మెచ్చుకునే మరో మిత్రుడు బంతి ఎటు పోతే అటు పరుగెత్తి, తాను కాపాడవలసిన చోటును ఖాళీగా వదిలేస్తున్నాడని కూడా అప్పుడే కనిపించింది. మేము తిన్న గోల్స్‌లో చాలా వరకు ఆ ఖాళీలోంచి వచ్చినవే.

నాలుగో వారం కుర్రవాణ్ణి డిఫెన్స్ ముందు, సరిగ్గా మధ్యలో ఆడించాను. ఆ మ్యాచ్ ఓడిపోయాం. తర్వాతి మ్యాచ్ కూడా ఓడిపోయాం. అయినా రెండో మ్యాచ్‌లో అతను ఎదుటివారి పాస్‌లను వరసగా అడ్డుకోవడం, ఒక్క అడుగుతో, ఏ తొందరా లేకుండా, బంతి దారిలోకి వచ్చి నిలబడటం చూశాను. ఆట అయ్యాక అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. అతను మాట్లాడలేదు, బూట్ల లేసులు విప్పుకుంటూ తల ఊపాడు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, తర్వాత భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో ఇక్కడి పిల్లలకు పోటీలు పెట్టించేవారు. మనం పుట్టుకతో వచ్చిందనుకునే నైపుణ్యాన్ని ఆయన సాధనతో పుట్టించారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరసలో గోల్స్ కొట్టే స్థానంలో దింపారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో భారత్ గోల్స్‌లో ఒకటి పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌ది.

కౌటిన్హో కథకు ఇంకొక రాత్రి మిగిలి ఉంది. 2020 ఆగస్టు 14న లిస్బన్‌లో, బార్సిలోనా నుంచి అరువు మీద జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్‌కు వెళ్లిన అతను, అదే బార్సిలోనా మీద చివరి పావుగంట కోసం దిగి రెండు గోల్స్ కొట్టాడు. బేయర్న్ 8-2తో గెలిచింది. బావ ఫోన్ చేసి, చాలాసేపు మౌనంగా ఉండి, "మా దగ్గర ఉన్నప్పుడు ఇలా ఎందుకు ఆడలేదురా?" అని అడిగారు. నేను గెలిచానన్న సంతోషం నాకేమీ కలగలేదు. ఆ రెండు గోల్స్ పెట్టుకుని, అతను పరుగు మొదలుపెట్టిన చోటును ఒకసారి చూడమని చెప్పాను. ఆ రాత్రి ఇద్దరం ఫోన్‌లోనే, ఎవరి ఇంట్లో వాళ్లం, ఆ రీప్లేలను తెల్లవారేదాకా చూశాం.